స్కానర్ అడిగే రంగుల ప్రశ్నలు: డీపీఐ నుంచి ‘ట్రూ కలర్’ దాకా

బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ ఇచ్చే నోటిఫికేషన్‌లో చివరి పేజీలు చాలామంది చదవరు. కానీ దరఖాస్తు ఆగిపోయేది ఎక్కువగా అక్కడే. కొన్నేళ్లుగా వస్తున్న నోటిఫికేషన్లలో నియమాలు దాదాపు ఇలా ఉంటున్నాయి: ఫొటో 200×230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ, సంతకం 140×60 పిక్సెళ్లు, 10 నుంచి 20 కేబీ, స్కానర్ కనీసం 200 డీపీఐ, రంగు ‘ట్రూ కలర్’. నాలుగు రకాల కొలతలను ఒకే చోట కుక్కేసి, వాటి మధ్య సంబంధం ఏమిటో చెప్పకుండా వదిలేస్తారు. నెట్ సెంటర్‌లో కూర్చున్న అభ్యర్థికి టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

క్లుప్తంగా: పిక్సెల్ అంటే బొమ్మలో ఎన్ని చుక్కలున్నాయో, డీపీఐ అంటే కాగితంపై ఒక్కో అంగుళం నుంచి ఎన్ని చుక్కలు తీశారో, బిట్ అంటే ఒక్కో చుక్కలో ఎంత రంగు సమాచారం దాచారో, కేబీ అంటే అదంతా కుదించాక ఫైలు ఎంత బరువుందో చెబుతాయి. మొదటి మూడూ స్కాన్ చేసేటప్పుడే తేలిపోతాయి. అప్పుడు వదిలేసిన సమాచారం తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రాదు. నాలుగోదాన్ని మాత్రం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గందరగోళం చాలావరకు ఈ వరుసను తలకిందులు చేయడం వల్ల, అంటే కేబీని దృష్టిలో పెట్టుకుని స్కానర్ సెట్టింగులు తగ్గించడం వల్ల పుడుతోంది.

నాలుగు కొలతలు, ఒక పాస్‌పోర్ట్ ఫొటో

మన దగ్గర స్టూడియోల్లో ఇచ్చే పాస్‌పోర్ట్ సైజు ఫొటో సాధారణంగా 3.5 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. దాన్ని 200 డీపీఐలో స్కాన్ చేస్తే సుమారు 276×354 పిక్సెళ్ల బొమ్మ వస్తుంది. నోటిఫికేషన్ అడిగిన 200×230 కంటే ఇది పెద్దదే, కాబట్టి తగ్గించుకోవడానికి వీలుంది. అందుకే 200 డీపీఐ ‘కనీసం’ అన్నారు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. 3.5కు 4.5 నిష్పత్తి వేరు, 200కు 230 నిష్పత్తి వేరు. ఫొటో మొత్తాన్ని బలవంతంగా 200×230లో ఇరికిస్తే ముఖం దాదాపు 12 శాతం వెడల్పుగా సాగుతుంది. హాల్‌టికెట్ మీద కొందరి ముఖాలు ఉబ్బినట్టు కనిపించడానికి ఇదొక కారణం. ముందు ఎత్తులో అర సెంటీమీటరు దాకా కత్తిరించి, ఆ తర్వాత సైజు తగ్గిస్తే ముఖం ముఖంలాగే ఉంటుంది. కత్తిరించడం, సైజు తగ్గించడం వేర్వేరు పనులు. చాలా ఉచిత వెబ్‌సైట్లు రెండింటినీ ఒకే బటన్‌లో కలిపేస్తాయి.

డీపీఐ విషయంలో మరో అపోహ ప్రచారంలో ఉంది. ఇప్పటికే ఉన్న ఫైలును ‘72 డీపీఐ నుంచి 300 డీపీఐకి మార్చి’ ఇస్తామనే సేవలు కనిపిస్తాయి. ఫైలులో డీపీఐ అనేది ప్రింటర్‌కు ఇచ్చే సూచన మాత్రమే. 600 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మ మీద 300 అని రాస్తే 2 అంగుళాల్లో, 200 అని రాస్తే 3 అంగుళాల్లో అచ్చవుతుంది. పిక్సెళ్లు మాత్రం అవే 600. ఆ అంకె మార్చినంత మాత్రాన స్పష్టత పెరగదు.

ఇక కేబీ. 200×230 అంటే 46,000 పిక్సెళ్లు. ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున కుదించని ఫొటో 1,38,000 బైట్లు, అంటే సుమారు 138 కేబీ. దాన్ని 20–50 కేబీకి తేవాలంటే మూడో వంతు నుంచి ఏడో వంతు దాకా కుదించాలి. ఫొటోలను కుదించి దాచే జేపెగ్ పద్ధతికి అది తేలికైన పనే. సంతకం దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. 140×60 బొమ్మ కుదించకుండా ఉన్నా 25 కేబీ మాత్రమే. అందులో ఎక్కువ భాగం ఖాళీ తెల్ల కాగితం కావడంతో జేపెగ్ దాన్ని నాలుగైదు కేబీకి నొక్కేస్తుంది. వెబ్‌సైటేమో 10 కేబీ కంటే తక్కువ కుదరదంటుంది. ఫైలు పెద్దదైతే తగ్గించడం అందరికీ తెలుసు, చిన్నదైతే ఏం చేయాలో తోచదు. సేవ్ చేసేటప్పుడు జేపెగ్ క్వాలిటీని 90కి పైన పెడితే చాలాసార్లు సరిపోతుంది, ఎందుకంటే అప్పుడు కాగితం మీది సన్నటి గరుకుదనం కూడా ఫైలులో నిలుస్తుంది.

బ్లాక్ అండ్ వైట్, గ్రేస్కేల్, కలర్

స్కానర్ ప్యానెల్ మీద ఈ మూడు మాటలు పక్కపక్కనే ఉంటాయి. తేడా ఒక్కో పిక్సెల్‌కు కేటాయించే బిట్లలో ఉంది. బ్లాక్ అండ్ వైట్‌లో 1 బిట్: చుక్క అయితే నలుపు, లేకపోతే తెలుపు, మధ్యలో ఏమీ లేదు. గ్రేస్కేల్‌లో 8 బిట్లు: నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లు. కలర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు 8 చొప్పున 24 బిట్లు: సుమారు 1.67 కోట్ల రంగులు. నోటిఫికేషన్లలో ట్రూ కలర్ అనేది ఈ 24 బిట్ల కలర్‌నే. పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోను స్కాన్ చేయాల్సి వస్తే ఎంచుకోవాల్సింది గ్రేస్కేల్. బ్లాక్ అండ్ వైట్ నొక్కితే ముఖాలు మసిబొగ్గు మరకలవుతాయి.

ఏ4 పేజీని 300 డీపీఐలో తీస్తే 2480×3508, అంటే 87 లక్షల పిక్సెళ్లు. కుదించక ముందు అది కలర్‌లో 26 ఎంబీ, గ్రేస్కేల్‌లో 8.7 ఎంబీ, బ్లాక్ అండ్ వైట్‌లో 1.1 ఎంబీ. ఆఫీసుల్లో స్కానర్లను బ్లాక్ అండ్ వైట్‌లో వదిలేయడానికి ఈ లెక్కే మూలం. కాగితం శుభ్రంగా, అక్షరాలు నల్లగా ఉన్నంతవరకు అందులో తప్పు లేదు.

చిక్కంతా మధ్యస్థంగా ఉన్న వాటితోనే. 1 బిట్‌కు మార్చాలంటే స్కానర్ ఎక్కడో ఒక గీత గీయాలి. దీన్నే థ్రెషోల్డ్ అంటారు. 0 నలుపు, 255 తెలుపు అనుకుంటే గీత మామూలుగా 128 దగ్గర ఉంటుంది. పెన్సిల్ రాత విలువ 150 ఉంటే అది తెలుపు కింద లెక్క, కాబట్టి మాయమవుతుంది. కాగితం మడత నీడ 110 ఉంటే అది నలుపు, కాబట్టి అడ్డంగా నల్ల చార పడుతుంది. థ్రెషోల్డ్‌ను పైకి జరిపితే పెన్సిల్ దక్కుతుంది, దానితో పాటు మురికీ దక్కుతుంది. కొత్త స్కానర్లు పేజీ అంతటికీ ఒకే గీత కాకుండా చుట్టుపక్కల వెలుతురును బట్టి చోటుచోటుకూ మార్చుకుంటాయి. ఫలితం మెరుగ్గా ఉంటుంది కానీ, చుక్క నలుపో తెలుపో అనే తీర్పు మాత్రం యంత్రానిదే.

నాన్ జ్యుడీషియల్ స్టాంపు పేపర్లు, యూనివర్సిటీ సర్టిఫికెట్లు ఈ పద్ధతిలో బాగా దెబ్బతింటాయి. వాటి వెనుక లేత రంగుల్లో అల్లిక డిజైన్ ఉంటుంది. 1 బిట్‌లో అది మచ్చలు మచ్చలుగా మారి పైనున్న రాతలోకి చొచ్చుకొస్తుంది. అధికారి సంతకం మీద పడిన నీలి రౌండ్ సీలు సంతకంతో కలిసిపోయి, ఏది సీలో ఏది సంతకమో తెలియకుండా పోతుంది. ఒరిజినల్‌కు బదులుగా పనికొచ్చే సాఫ్ట్ కాపీ కావాలంటే ఇలాంటి పత్రాలకు కలర్ తప్ప గత్యంతరం లేదు.

గ్రేస్కేల్‌కూ తనవైన గుణాలున్నాయి. రంగును బూడిద మెట్లలోకి మార్చేటప్పుడు మూడు రంగులకూ సమాన బరువు ఇవ్వరు. మనిషి కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగ్గా, నీలం తక్కువ వెలుగ్గా కనిపిస్తుంది కనుక, బాగా వాడుకలో ఉన్న సూత్రంలో ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 బరువులు ఇస్తారు. దీని ప్రకారం నిండు నీలం విలువ 29, దాదాపు నలుపు. నిండు పసుపు 226, దాదాపు తెలుపు. పసుపు హైలైటర్ గీత గ్రేస్కేల్‌లో కనిపించకుండా పోయి, నీలి పెన్ను రాత మాత్రం గట్టిగా నిలవడానికి కారణం ఇదే. ఫారాల మీద ఎర్ర గళ్లు ముద్రించి, స్కానర్‌లో ఎర్ర కాంతి మాత్రమే చదివేలా పెట్టే పద్ధతి కూడా ఉంది. ఎర్ర వెలుతురులో ఎర్ర గీత, తెల్ల కాగితం ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి గళ్లు పోయి రాసిన రాత ఒక్కటే మిగులుతుంది. దీన్ని కలర్ డ్రాపౌట్ అంటారు. తెలిసి చేస్తే సౌకర్యం, తెలియక ఆన్‌లో ఉంటే మాస్టారు ఎర్ర సిరాతో దిద్దిన మార్కులన్నీ మాయం.

లక్షల పుస్తకాలు నేర్పిన పాఠం

తెలుగు పాఠకులకు ఈ ఎంపికల ఫలితం కళ్లకు కట్టినట్టు కనిపించే చోటు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత పుస్తకాలు. 2000ల మొదట్లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం కేంద్రంగా మిలియన్ బుక్ ప్రాజెక్టు మొదలైంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా దాని భారతీయ భాగమే. ఆ ప్రాజెక్టును ముందుండి నడిపినవారు 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి. భారత్‌లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు ఇందులో పాలుపంచుకున్నాయి. వేల సంఖ్యలో తెలుగు పుస్తకాలు అలా తెరమీదికి వచ్చాయి. ఇప్పుడు వాటిలో చాలా భాగం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి.

ఆ ప్రాజెక్టు ఎంచుకున్న పద్ధతి 600 డీపీఐ, 1 బిట్ టిఫ్ (స్కాన్ బొమ్మలు దాచే ఒక ఫైలు రకం). డీపీఐ బాగా ఎక్కువ, రంగు అతి తక్కువ. ఆనాటి పరిస్థితుల్లో ఇది తెలివైన బేరమే. 600 డీపీఐలో ఏ4 పేజీకి 3.48 కోట్ల పిక్సెళ్లు. కలర్‌లో తీస్తే పేజీకి 104 ఎంబీ, 300 పేజీల పుస్తకానికి 31 జీబీ. అప్పటి హార్డ్ డిస్కులకు అది మోయలేని బరువు. 1 బిట్‌లో తీసి, సమాచారం పోకుండా నలుపు తెలుపు బొమ్మలను కుదించే గ్రూప్ 4 పద్ధతిలో కుదిస్తే మామూలు అచ్చు పేజీ కేబీల్లో సరిపోతుంది.

బేరంలో పోయిందేమిటో పుస్తకాలు తెరిస్తే తెలుస్తుంది. అచ్చు బాగున్న పేజీల్లో అక్షరాలు పదునుగా ఉంటాయి, గీతల బొమ్మలూ నిలిచాయి. రచయితల ఫొటోలు మాత్రం చాలాచోట్ల నల్ల ముద్దలయ్యాయి. పసుపెక్కిన కాగితం మీది మచ్చలు అక్షరాల మధ్య ఆవగింజల్లా చల్లినట్టు పడ్డాయి. సిరా పలచగా అంటిన చోట గుడులు, దీర్ఘాలు తెగిపోయాయి. అదే డీపీఐని సగానికి తగ్గించి గ్రేస్కేల్‌లో తీసి ఉంటే ఈ నష్టం చాలావరకు తప్పేది. ఎందుకంటే 1 బిట్ స్కాన్‌లో ఒక చుక్క తెలుపు అని తేల్చేశాక, అది అంతకుముందు లేత బూడిదో నిజమైన తెలుపో చెప్పే ఆధారం ఫైలులో మిగలదు. పుస్తకాన్ని మళ్లీ గాజు మీద పెట్టడమే దారి. ఆ ప్రతుల్లో కొన్ని ఇప్పుడు ఎక్కడున్నాయో వెతకాల్సిందే.

తెలుగు అక్షరానికి 300 ఎందుకు

పత్రాలకు 300 డీపీఐ అనే సలహా అన్నిచోట్లా వినిపిస్తుంది. తెలుగుకు దాని అవసరం ఇంకాస్త ఎక్కువ. 10 పాయింట్ల అక్షరానికి కేటాయించిన ఎత్తు 300 డీపీఐలో సుమారు 42 పిక్సెళ్లు, 150లో 21, 100లో 14. ఇంగ్లిష్‌లో ఆ ఎత్తును ఒక్క అక్షరం వాడుకుంటుంది. తెలుగులో పైన గుడి, మధ్యలో అక్షరం, కింద ఒత్తు, ఆ ఒత్తు కింద కొన్నిసార్లు మరో ఒత్తు సర్దుకోవాలి. పైగా మన లిపిలో జంటలు ఎక్కువ. ద–ధ, డ–ఢ, ప–ఫ మధ్య తేడా అడుగున ఒక చిన్న గీత. ర–ఠ మధ్య తేడా లోపలి చుక్క. 100 డీపీఐలో ఆ చుక్కకు ఒక పిక్సెల్ దక్కడమూ గగనమే. మనిషి సందర్భాన్ని బట్టి చదువుకుంటాడు. అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కు ఆ వెసులుబాటు తక్కువ. తెలుగును చదవగలిగే ఉచిత సాఫ్ట్‌వేర్ టెసరాక్ట్ కూడా 300 డీపీఐ ఉంటే మంచిదని సూచిస్తుంది. ఇంటి పేర్లు, ఊళ్ల పేర్లు నిండిన భూమి పత్రాల్లో సందర్భం కూడా సాయపడదు.

అలాగని 1200కు వెళ్లినా ఉపయోగం లేదు. మామూలు అచ్చులో ఉన్న వివరం 600 దాటితే దాదాపు అయిపోతుంది, ఆపైన వచ్చేది కాగితపు పీచు. స్కానర్ పెట్టె మీద కనిపించే పెద్దపెద్ద అంకెలనూ ఈ దృష్టితోనే చూడాలి. ఆప్టికల్ రిజల్యూషన్ అంటే సెన్సార్ నిజంగా చదివేది. ఇంటర్‌పొలేటెడ్ అంటే చదివిన రెండు చుక్కల మధ్య సాఫ్ట్‌వేర్ ఊహించి పూడ్చేది. ‘600×1200’ లాంటి జంట అంకెల్లో మొదటిది సెన్సార్‌ది, రెండోది దాన్ని నడిపే మోటారు ఎంత సన్నటి అడుగులు వేస్తుందనేది. కొనేవారికి అవసరమైంది ఆ మొదటిదే.

కుదింపు: కనిపించే నష్టం, కనిపించని నష్టం

1992లో ప్రమాణంగా వచ్చిన జేపెగ్‌ను ఫొటోల కోసం తయారు చేశారు. అది బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, కన్ను పెద్దగా పట్టించుకోని సన్నటి మార్పులను వదిలేస్తుంది. ముఖాలు, ఆకాశాలు ఈ నష్టాన్ని దాచుకుంటాయి. తెల్ల కాగితం మీది నల్ల అక్షరం దాచుకోలేదు, ఎందుకంటే దాని అంచు అంతా ఒక్కసారిగా వచ్చే మార్పే. అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్టు కనిపించే మసక అలా వస్తుంది. పైగా జేపెగ్‌ను తెరిచి, దిద్ది, మళ్లీ సేవ్ చేసిన ప్రతిసారీ కొంత పోతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపిన పత్రం మసకబారడానికీ కారణం ఈ మళ్లీ కుదింపే. అదే ఫైలును డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళుతుంది.

జేపెగ్ నష్టం కనీసం కంటికి కనిపిస్తుంది. కనిపించని రకానికి ఉదాహరణ 2013లో బయటపడింది. జర్మనీకి చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్రీసెల్, జిరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రంలో స్కాన్ చేసిన ఒక ఇంటి ప్లాన్‌లో అంకెలు మారిపోయినట్టు గుర్తించారు. 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లున్న మూడు గదులూ స్కాన్‌లో 14.13 అయ్యాయి. వేరే పత్రాల్లో 6లు 8లుగా మారాయి. కారణం జేబిగ్2 అనే కుదింపు పద్ధతి. అది పేజీలో ఒకేలా ఉన్న అక్షరాలను వెతికి, ఒక్క నమూనాను దాచుకుని, మిగతా అన్ని చోట్లా దాన్నే అతికిస్తుంది. పోలిక మరీ ఉదారంగా ఉంటే వేరే అంకెను కూడా ఒకే అంకె అనుకుంటుంది. అతికించిన అంకె పదునుగా, శుభ్రంగా ఉంటుంది కనుక చూసేవారికి అనుమానమే రాదు. జిరాక్స్ సంస్థ తర్వాత సాఫ్ట్‌వేర్ సవరణలు విడుదల చేసింది. 2015లో జర్మనీ, స్విట్జర్లాండ్ నియంత్రణ సంస్థలు భద్రపరిచే పత్రాలకు జేబిగ్2ను వద్దన్నాయి. ద, ధ లాంటి జంటలున్న లిపికి ఇలాంటి పోలికలు ఎంత ప్రమాదమో ఊహించడం కష్టం కాదు.

పీడీఎఫ్ ఈ గొడవలో పక్షం కాదు. అది కవరు లాంటిది. లోపల జేపెగ్ ఉండొచ్చు, గ్రూప్ 4 ఉండొచ్చు, జేబిగ్2 ఉండొచ్చు. పీడీఎఫ్‌లో ఉంది కాబట్టి నాణ్యత బాగుంటుందనేది భ్రమ.

గాజు కింద జరిగేది

ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో కనిపించే పలుచటి స్కానర్లలో సీఐఎస్ సెన్సార్ ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలి ఎల్‌ఈడీలు వంతులవారీగా వెలుగుతుంటే, కాగితానికి అతి దగ్గరగా ఉన్న సెన్సార్ చదువుతుంది. ధర తక్కువ, కరెంటు తక్కువ. కానీ కాగితం గాజును వదిలి కాస్త లేచినా మసకబారుతుంది. లావు పుస్తకాన్ని బోర్లించినప్పుడు నడిమి మడత దగ్గర అక్షరాలు అలుక్కుపోయేది ఇందుకే. అద్దాలు, లెన్సు ఉన్న సీసీడీ స్కానర్ ఆ లోతును కొంత మెరుగ్గా పడుతుంది, బరువూ ధరా ఎక్కువ.

దినపత్రిక కటింగులకు ఇంకో సమస్య ఉంది. పత్రికలో ఫొటో అంటే చుక్కల వరుసలే. ఆ చుక్కల వరుస, స్కానర్ పిక్సెళ్ల వరుస ఒకదానితో ఒకటి పొసగక అలల్లాంటి నీడలు పుడతాయి. డీస్క్రీన్ ఆప్షన్ వాటిని చెరిపేస్తుంది, బదులుగా బొమ్మను కాస్త మెత్తబరుస్తుంది. పలుచటి కాగితంలో వెనక పేజీ అక్షరాలు ముందుకు కనిపిస్తుంటే కాంట్రాస్ట్‌తో కుస్తీ పట్టడం కంటే వెనుక ఒక నల్ల కాగితం పెట్టడం మేలు. కాగితాలు తనంతట లాక్కునే ఫీడర్‌లో ప్రతి పేజీకీ ఒకే చోట నిలువు గీత పడుతుంటే అది సెట్టింగుల సమస్య కాదు. పక్కనున్న సన్నటి గాజు పట్టీ మీద ఇరుక్కున్న దుమ్ము అది.

ఫోన్ యాప్‌లో డీపీఐ ఎక్కడిది?

2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో క్యామ్‌స్కానర్ కూడా ఉంది. ఆ తర్వాత చాలామంది అడోబ్ స్కాన్, గూగుల్ డ్రైవ్ లాంటి వాటికి మారారు. యాప్ ఏదైనా పని ఒకటే: అంచులు గుర్తుపట్టి, వంకరను సరిచేసి, నీడలు తీసేసి, తెలుపును తెల్లబరచడం. మామూలుగా యాప్ తనంతట వేసే ఫిల్టర్ లేత రంగులను కాగితపు మురికి కింద జమకట్టేస్తుంది. వెలిసిన ఊదా రంగు రబ్బరు స్టాంపు, పెన్సిల్‌తో వేసిన సర్వే గుర్తులు దాని చేతిలో బలవుతాయి. ఫిల్టర్ తీసేసి ‘ఒరిజినల్’ అని ఉన్నదాన్ని ఎంచుకుంటే అవి మిగులుతాయి.

డీపీఐ సంగతికొస్తే, కాగితం ఎంత పెద్దదో కెమెరాకు తెలియదు. యాప్ దాన్ని ఏ4 అని అనుకుని లెక్క కడుతుంది. 12 మెగాపిక్సెళ్ల ఫొటోలో పొడుగు వైపు 4000 పిక్సెళ్లుంటాయి. ఏ4 పేజీ ఫ్రేమును నిండుగా ఆక్రమిస్తే అంగుళానికి 340 దాకా దక్కుతాయి. కాస్త దూరం నుంచి, పేజీ చుట్టూ టేబుల్ కనిపించేలా తీస్తే 200 కిందికి పడిపోతుంది. ఆ ఫైలు ప్రాపర్టీస్‌లో 300 అని రాసి ఉన్నా నమ్మడానికి లేదు. చూడాల్సింది పొడుగు వైపు పిక్సెళ్లు. ఏ4 పేజీకి అవి 3500 దగ్గర్లో ఉంటే 300 డీపీఐ నిజంగా ఉన్నట్టు, 1700 దగ్గరుంటే 150 కూడా లేనట్టు.